సముద్రం అవతలి రాజుగారి పన్ను

1983 డిసెంబరు. బోస్టన్ రేవులో ఓడ ఊడ్చే మనిషిని పొద్దున్నే నీళ్ళలోంచి బయటికి లాగారు. నోటినిండా తేయాకు కూరి ఉంది.

పదింటికల్లా అతని చీపురు ఏజెంట్ రత్నరాజు చేతికొచ్చింది. చీఫ్ ఆమోసు వ్యాన్‌లోనే బ్రీఫింగ్ ముగించాడు.

"రెండొందల ఏళ్ళ కిందట ఇక్కడివాళ్ళు పన్ను మీద కోపంతో ఇంగ్లండు నుంచి వచ్చిన టీ పెట్టెల్ని సముద్రంలో పారేశారు. ఆ నాటకం ఈ ఓడ మీద రోజుకి మూడు షోలు."

"పన్ను మరీ ఎక్కువైందా సార్?"

"కాదయ్యా, ఆ టీ చవకే. మూడు వేల మైళ్ళ అవతల కూర్చుని, వీళ్ళనో మాట అడక్కుండా వేశారు. వీళ్ళ తరఫున అక్కడి సభలో ఒక్కడూ లేడు. అదీ మంట. ఇవాళ మొదటి పెట్టె విసిరేది డోరెన్. కోర్వా దీవి నాయకుడు. వాళ్ళ రాజు పారిస్‌లో ఉంటూ దీవిలో వలకో పన్ను, పడవకో పన్ను వేస్తాడు. కట్టనివాళ్ళ బొటనవేళ్ళు తీయిస్తాడు. డోరెన్‌కి రెండూ లేవు. వాణ్ణి ఇవాళ రాజు మనుషులు లేపేస్తారని కబురు. ఓడ మీద మన మనిషి నళిని. కోడ్ 'చక్కెర'."

నళిని గైడ్ వేషంలో ఉంది. పాతకాలం గౌను, ఎత్తు కొప్పు. టూరిస్టులు చరిత్ర వదిలేసి ఆమెనే చూస్తున్నారు.

"చక్కెర వేశావా?"

"రెండు చెంచాలు బావగారూ. చీపురు మీకు భలే నప్పింది."

"పెట్టెలు?"

"అన్నీ నేనే చెక్ చేశా. నిశ్చింతగా ఊడ్చుకోండి."

షో మొదలైంది. డోరెన్ ముందుకొచ్చాడు. రత్నరాజు పెట్టెల చుట్టూ ఊడుస్తున్నాడు. ప్రతి పెట్టెకీ తాడుంది. విసరడం, తాడు పట్టి పైకి లాగడం, తరువాతి షోకి మళ్ళీ పెట్టడం. అన్నీ తడితో నాని ఉన్నాయి. డోరెన్ ముందున్నది మాత్రం పొడిగా ఉంది. దానికి తాడు లేదు. నీళ్ళలోంచి పెట్టె లాగే పని గైడ్‌ది కాదు మరి, తాడు సంగతి తట్టలేదు.

నళిని అప్పటికే దిగే మెట్ల వైపు నడుస్తోంది.

రత్నరాజు ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, బేడీతో ఆ పెట్టె పిడికి కట్టేశాడు. ఇదీ నాటకమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"పేలడానికి ఎంతసేపుంది?"

"నిమిషం కూడా లేదు! విప్పు బావా!"

"ఆపేదెలా?"

"నా కొప్పులో పిన్ను! మూత పక్క కన్నంలో గుచ్చు!"

రత్నరాజు పిన్ను తీశాడు. గుచ్చలేదు.

"ఊడ్చేవాణ్ణి చంపిందెవరు?"

"నేనే! పెట్టె తెస్తుంటే చూశాడు. గుచ్చరా నీకు పుణ్యముంటుంది!"

"ఎంతిచ్చారు?"

ఆమె కేక వేసింది. కాళ్ళకింద చెక్క తడిసింది. జనం ఈలలు వేశారు. అప్పుడు గుచ్చాడు. లోపల టిక్కుటిక్కు ఆగింది.

డోరెన్ ఇంకో పెట్టెను రెండు చేతులా వాటేసుకుని సముద్రంలోకి విసిరాడు. నళినిని వ్యాన్ ఎక్కించారు.

"దీవికి మీరు రాజైతే పన్నులుండవా?" అడిగాడు రత్నరాజు.

"ఉంటాయి. జనాన్ని అడిగి వేస్తాను."

"వద్దంటే?"

డోరెన్ అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఆ పిల్ల చేత నిజం కక్కించడం చూశాను. నా దగ్గర ఉద్యోగానికి వస్తావా?"