ఖాళీ చేయమన్న మాస్టారు

మేడ మీద ట్యాంకు మళ్ళీ ఖాళీ! కింద వాటాలో తల్లితో ఉండే డ్రాయింగ్ మాస్టారే ఇంటి ఓనరు. విసవిసా మెట్లెక్కి పై వాటా తలుపు కొట్టాడు.

“ఏమండీ, సాయంత్రమైతే చాలు, ట్యాప్ తిప్పేస్తారు! అన్ని నీళ్ళతో ఏం చేస్తున్నారసలు?”

తలుపు తీసిన అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. పెళ్ళిదాకా వచ్చిన ప్రేమ చెడిపోయాక ఈ వాటాలో దిగింది.

“ఏడుస్తున్నానండీ. ఇంట్లో ఆడపిల్ల ఏడుపు మంచిది కాదని పాత ఓనరమ్మ ఖాళీ చేయించింది. అందుకే, చప్పుడు వినపడకుండా...”

మాస్టారి కోపం ఎటు పోయిందో! “అయ్యో, హాయిగా ఏడవండి. నీళ్ళు మాత్రం కట్టేయండి,” అనేసి, అన్నది తనకే ఎబ్బెట్టుగా తోచి గబగబా దిగిపోయాడు.

మర్నాటి నుంచి ఆ వేళకి కింద రేడియో గట్టిగా మోగేది. ఎందుకో తెలిశాక ఆమెకు నవ్వొచ్చింది. రానురాను ఏడుపు తగ్గింది. మెట్ల మీద కబుర్లు పెరిగాయి. వానొస్తే ఆరేసిన బట్టల కోసం ఇద్దరూ ఒకేసారి మేడ మీదికి పరిగెత్తేవారు. బట్టలకన్నా వాళ్ళే ఎక్కువ తడిసేవారు.

అలాంటిది, ఒకరోజు మాస్టారు నేలచూపులు చూస్తూ, “ఇల్లు ఖాళీ చెయ్యండి,” అన్నాడు.

“నేనేం చేశాను?”

“ఏం చెయ్యలేదు. పక్క వీధిలో మంచి వాటా చూశాను. గాలీ వెలుతురూ బాగా వస్తాయి.”

“మీరూ పొమ్మంటున్నారన్నమాట!”

“అయ్యో, అది కాదండీ! మిమ్మల్ని ఒక మాట అడగాలి. ఇక్కడుండగా అడిగితే, కాదంటే ఇల్లు పోతుందేమోనని భయపడతారు. నాకు కాదని చెప్పడానికి మీకు భయం ఉండకూడదు.”

ఆమె సామాను సర్దడం మొదలుపెట్టింది. మాస్టారి అమ్మ సాయానికొచ్చి, “ఇదేం ప్రేమరా, పిల్లని గెంటేసి!” అని కొడుకుని తిడుతూనే గిన్నెలన్నీ కట్టిపెట్టింది.

కొత్త ఇంట్లో దిగిన సాయంత్రం జోరున వాన. గుమ్మంలో మాస్టారు, నిలువెల్లా తడిసి.

“ఇప్పుడు నాకేం భయం లేదు,” అందామె.

మాస్టారి మొహం పాలిపోయింది. “అంటే... కాదంటారా?”

“ముందు అడగండి మరి!”

అతను గొంతు సవరించుకున్నాడు. అంతలో కింద నుంచి కొత్త ఓనరమ్మ కేక. “ఏమ్మాయ్, పైకి వచ్చిన మగమనిషి ఎవరు?”

ఆమె పిట్టగోడ మీంచి వంగి, వీధంతా వినపడేలా అరిచింది.

“మా ఆయనండీ! కాబోయే!”

అడగాల్సిన మాట మాస్టారి నోట్లోనే ఉండిపోయింది.