అద్దె బండిలో ముందు సీటు

నిజం చెప్పాలంటే చెంచులక్ష్మికి కారుతో పనేమీ లేదు. ఉదయగిరిలో ఇల్లు, ఊరి బయట నిమ్మతోట, తోట పక్కన గొర్రెల దొడ్డి. ఆమె తిరుగుడంతా ఆ మూడింటి మధ్యే. కానీ ఆత్మకూరులో ఉండే తోడికోడలు లిఖితకు కారు ఉంది. అక్కడే వచ్చింది తంటా.

పోయిన ఏడు అందరూ కలిసి పెంచలకోన గుడికి పోయినప్పుడు లిఖిత మొగుడు భరత్ తన కొత్త కారు తోలాడు. పక్కన లిఖిత కూర్చుంది, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మరీ. ఇంటికి పెద్దకోడలైన చెంచులక్ష్మిని మాత్రం చిట్టచివరి సీట్లో, పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టి కుదేశారు. మలుపు తిరిగినప్పుడల్లా నూనె పట్టుచీర మీదికి కారింది. "అక్కా, సర్దుకున్నావా?" అని లిఖిత ముందునుంచే అడిగింది, వెనక్కి తిరగనైనా తిరక్కుండా. ఆ మాటకు చెంచులక్ష్మి ఒళ్ళు మండిపోయింది. ఏడాదైనా ఆ మంట చల్లారలేదు.

పద్నాలుగేళ్ళ కాపురంలో మొగుణ్ణి ఆమె పట్టుబట్టి అడిగింది ఒకటే. ఒక కారు, అందులో ఆయన పక్కన ముందు సీటు. పాతదైనా సరే. లిఖిత కళ్ళ ముందు ఒక్కసారి అలా కూర్చుని పోవాలి, అంతే.

అందుకే ఆ మధ్యాహ్నం మూడింటికి ఆత్మకూరులో జనార్దనయ్య పాత కార్ల షెడ్డు దగ్గర బస్సు దిగారు మొగుడూ పెళ్ళాం. రేకుల కింద ఏడెనిమిది కార్లు నిలబడి ఉన్నాయి. చివర్లో ఒక తెల్ల కారు, తళతళా మెరుస్తోంది.

"నెల్లూరులో సెల్ఫ్ డ్రైవ్ కింద తిరిగిన బండమ్మా," అన్నాడు జనార్దనయ్య. "డ్రైవరుండడు. ఎవురు అద్దె కడితే వాళ్ళే తోలుకోని పోతారు. ఇప్పుడు సొంత బండి కింద మార్పించినా. కాయితాలన్నీ సరిగ్గా ఉండాయి."

"అద్దె బండంటే పది మంది చేతులు పడుంటాయి గదా," అని ఆమె మొగుడు పెంచలప్రసాద్ గొణిగాడు. గొర్రెను కొనేటప్పుడైతే పళ్ళు చూసి వయసు చెప్పేయగలడు. కారు తోలడం వచ్చు గానీ, కొనేటప్పుడు ఏం చూడాలో తెలియక టైర్లు తన్నాడు, హారన్ రెండుసార్లు కొట్టాడు.

"సాయంత్రం దాకా తిప్పుకోని రాండి. నచ్చితేనే మాట్లాడుకుందాం," అని జనార్దనయ్య తాళం చేతిలో పెట్టాడు.

చెంచులక్ష్మి ముందు సీట్లో కూర్చుంది. డ్రైవరు సీటు బాగానే ఉంది గానీ, ఈ సీటే గుంటపడి ఉంది, రోజంతా ఎవరో అందులోనే ఉన్నట్టు. లోపల మరువం వాసన. ఎండకు అడ్డం పెట్టుకునే అట్ట దించితే దాని వెనక చిన్న అద్దం, ఆ అద్దం మూలన ఒక స్టిక్కర్ బొట్టు. మెరూన్ రంగుది, చుట్టూ బంగారు గీత.

"ఎవురో మహాతల్లి ఇక్కడే కాపురం పెట్టినట్టుండాదే," అనుకుంది చెంచులక్ష్మి. తన సీట్లో తనకన్నా ముందు ఇంకొకతె బొట్టు అంటించి పోయిందంటే ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"ముందు లిఖిత వాళ్ళ వీధిలోకి పోనీ," అంది మొగుడితో.

"ఇంకా కొననే లేదు గదమే. చూపించేదానికి ఏముండాది?"

"పోనీ అంటిని గదా!"

వీధి మలుపు దగ్గర అద్దంలో చూసుకుంటే గుండె గుభేలుమంది. నొసట బొట్టు లేదు. చెమటకు ఎక్కడో రాలిపోయింది. పర్సంతా వెతికినా ఇంకొకటి లేదు. మొగుణ్ణి పక్కన పెట్టుకుని, ఉత్త నొసటితో, లిఖిత ముందుకా? ఒకరి బొట్టు ఇంకొకరు పెట్టుకోకూడదని వాళ్ళ అవ్వ ఆదిశేషమ్మ చిన్నప్పుడు వీపు మీద ఒకటి వేసి మరీ చెప్పింది. ఆ సంగతి గుర్తుంది కూడా. అయినా లిఖిత గేటు కనబడేసరికి చెయ్యి ఆగలేదు. అద్దం మీది బొట్టు గోటితో లేపి నొసట పెట్టుకుంది. ఎన్నాళ్ళ కిందటిదో గానీ, బంక ఇంకా తడిగానే ఉంది. వేలికి చల్లగా తగిలింది.

లిఖిత హారన్ విని బయటికొచ్చింది. "అబ్బ, కారు తీసుకున్నారా బావా! చెప్పనే లేదే!" అంటూ కిటికీ దగ్గర వంగింది. తర్వాత వెనక్కి చూసి, "వెనకాల ఆమెవురక్కా? ఆమెను కూడా దిగమను, కాఫీ తాగి పోదురు," అంది.

చెంచులక్ష్మి మొహం మాడిపోయింది. వెనక సీటు సంగతి ఎత్తిపొడుస్తోంది, దీని కుళ్ళు బూడిదైపోనూ! "మాకు పనుండాదిలే," అని అద్దం పైకెత్తేసింది. వెనక్కి తిరిగి చూడాలని కూడా తోచలేదు.

సోమశిల రోడ్డెక్కారు. ఎండ పసుపుగా వాలింది. రెండు పక్కలా తుమ్మచెట్లు. దారిలో మనుషులే లేరు. చెంచులక్ష్మి కాళ్ళు చాపుకుని, లిఖిత మొహం తలుచుకుని, లోలోపల మురిసిపోతోంది.

"ఎండ తగలతా ఉండాదా నీకు?" అన్నాడు పెంచలప్రసాద్.

ఆమె ఉలిక్కిపడింది. పద్నాలుగేళ్ళలో ఆ మనిషి నోట ఇంత మెత్తటి మాట వినలేదు. గొర్రెపిల్లకు జ్వరమొస్తే తప్ప ఆ గొంతు బయటికే రాదు.

"లేదులేయ్యా," అంది సిగ్గుపడుతూ.

"ఏసీ పెంచేదా? నీళ్ళు తాగతావా?"

ఈసారి ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన ఆమెను చూడటం లేదు. పైన అద్దంలోకి, వెనక సీటు కనిపించే అద్దంలోకి చూస్తున్నాడు. నవ్వుతున్నాడు.

"ఎవురితో మాట్లాడతా ఉండావు?"

"నీతోనే గదమే. ఇంకెవురుండారు?" అన్నాడు, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

అప్పుడు తెలిసింది ఆమెకు... వీపుకు ఏదో ఒత్తుకుంటోంది. సీటు వెనకనుంచి. రెండు చోట్ల. వెనక కూర్చున్న మనిషి మోకాళ్ళు తగిలినట్టు.

మరువం వాసన ఎక్కువైంది. మెడ మీద గాలి... ఏసీ గాలి కాదు. వెచ్చగా ఉంది. ఆగి ఆగి వస్తోంది. నొసట బొట్టు సలపడం మొదలుపెట్టింది. ఎవరో గోరు పెట్టి అంచు లేపుతున్నట్టు... మెల్లగా...

చెవి పక్కనే గుసగుస.

"పెట్టుకున్నావుగా... ఇంక లెయ్."

"ఆపు! బండాపు!" అని కేక పెట్టింది చెంచులక్ష్మి. కారు పూర్తిగా ఆగకముందే తలుపు తోసుకుని దిగేసింది. రోడ్డు పక్కన నిలబడి రొప్పుతోంది. వెనక సీటు వైపు చూసింది. ఖాళీ. ముందు సీటు చూసింది. ఖాళీ.

ముందు తలుపు దానంతటదే మూసుకుంది. ఎవరూ విసరలేదు. జాగ్రత్తగా, లోపలినుంచి లాక్కున్నట్టు. సీటు బెల్టు పడిన చప్పుడు... టక్.

కారు కదిలింది.

"ఏమయ్యోవ్!" అని అరుస్తూ వెనకాల పరిగెత్తింది. చెప్పు తెగింది. కారు ఫర్లాంగు దూరం పోయింది. అది పోతున్నంతసేపూ ఆమెకు ప్రాణభయం కన్నా ముందు ఒకటే తోచింది... నా మొగుడు. నా మొగుడి పక్కన ఎవతో కూర్చోనుండాది.

చివరికి బ్రేకు లైట్లు వెలిగాయి. పెంచలప్రసాద్ తల బయటపెట్టి బిత్తరపోయి చూశాడు. "ఏందిమే, అక్కడుండావు? ఎక్కినావు గదా! తలుపేసినావు, బెల్టు పెట్టుకున్నావు... ఇప్పటిదాకా మాట్లాడతా వచ్చినావు గదా!"

"ఏం మాట్లాడినాను నేను?"

ఆయన నోరు తెరిచాడు. సిగ్గుపడ్డట్టు మళ్ళీ మూసుకున్నాడు. 

ఆత్మకూరు ఆరు మైళ్ళుంది. అంత దూరం నడవలేదు. ముందు తలుపు తీయడానికి చెయ్యి రాలేదు. ఏడుస్తూ వెనక సీట్లోనే ఎక్కింది. దారి పొడుగునా ముందు సీటు బెల్టునే చూస్తూ కూర్చుంది. అది వదులుగా వేలాడటం లేదు. ఎవరి భుజం మీదో, ఎవరి పొట్ట మీదో బిగిసి ఉంది. పొట్ట దగ్గర మెల్లగా ఉబ్బుతోంది, తగ్గుతోంది.  పెంచలప్రసాద్ ఏసీ గాలి పక్క సీటుకు సరిగ్గా తగిలేట్టు రెండుసార్లు తిప్పాడు. భయంతో ఆమె పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆ భయం మీద కూడా కుళ్ళు పొంగుకొచ్చింది. ఏం ఉండాది దాంట్లో, నాలో లేనిది?

షెడ్డు చేరగానే దిగి, "ఈ కారైనా ఉండాల, నేనైనా ఉండాల. తేల్చుకో," అంది.

పెంచలప్రసాద్ తాళం గుప్పిట్లో బిగించుకుని కారు వైపు చూశాడు. "బండి బాగుండాది లక్ష్మీ," అన్నాడు. ఆమె కళ్ళల్లోకి చూసి, చివరికి తాళం బల్ల మీద పెట్టేశాడు.

జనార్దనయ్య ఆశ్చర్యపోలేదు. "మీతో ఐదో బేరం తల్లీ. ఐదు బేరాల్లోనూ మగోళ్ళు కావాలన్నారు, ఆడోళ్ళే వద్దన్నారు," అని మాత్రం అని, తాళం సొరుగులో వేసుకున్నాడు.

చెంచులక్ష్మి నొసలు తడుముకుంది. బొట్టు లేదు. కారు దగ్గరికి పోయి అద్దాల్లోంచి తొంగి చూసింది. ఆ చిన్న అద్దం మీదా లేదు. షెడ్డులో దేవుడి పటం ముందున్న కుంకుమ తీసి, నొసటి నిండా పెట్టుకుంది. అప్పుడు గానీ ఊపిరాడలేదు. పోతే పోయింది కారు. లిఖిత నవ్వితే నవ్వనీ. మొగుడు తన మొగుడుగా ఇంటికొస్తున్నాడు, అది చాలు.

ఆరు గంటల ఉదయగిరి బస్సు కిక్కిరిసి ఉంది. ఆమెకు ముందువైపు ఆడవాళ్ళ సీట్లో కాస్త చోటు దొరికింది. పెంచలప్రసాద్ వెనక తలుపులో ఎక్కి, ఎక్కడో చివర కూర్చున్నాడు. మధ్యలో నిలబడ్డ మనుషులు. ఆమె మెడ సాచి చూస్తే ఆయన ఎర్రగళ్ళ చొక్కా భుజం మాత్రం కనబడింది. అదీ ధైర్యంగానే ఉంది.

కండక్టరు వెనకనుంచి టికెట్లు కొట్టుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే డబ్బుల్లేకుండా జీరో టికెట్ ఇస్తారు.

చెంచులక్ష్మి పర్సు తెరిచింది. "మా ఇంటాయన వెనకాల ఉండాడు, ఎర్రగళ్ళ చొక్కా. టికెట్ తీసుకున్నాడా?"

"ఎర్రగళ్ళ చొక్కాయనా?" కండక్టరు వెనక్కి చూసి నవ్వాడు. "ఆయన తీసుకున్నాడు. పక్కన ఆయన భార్యకు కూడా కొట్టేసినా. చెంచులక్ష్మి, ఉదయగిరి... కార్డు చూపించింది గదా."

ఆమె వేళ్ళు పర్సులో తిరుగుతూనే ఉన్నాయి. కార్డు ఉండే అర ఖాళీగా ఉంది. వెనకనుంచి, అంత రద్దీలోనూ, పెంచలప్రసాద్ మెత్తటి గొంతు వినపడింది. కిటికీ ఎయ్యాలా అని ఎవరినో అడుగుతున్నాడు.

కండక్టరు మిషన్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"మీరెవరమ్మా? ఎక్కడికి?"