రంగు పూయని అంచు

ఏజెంట్ ఫ్రాంక్ జెలిన్‌స్కీని అతని వంటింట్లోనే కాల్చి చంపారు. పెనం మీద గుడ్డు మాడి నల్లబడింది. బల్ల మీద రెండు కాఫీ కప్పులు. వచ్చింది తెలిసినవాళ్ళే.

"ఇల్మార్స్‌ని దాచిన ఇల్లు ఫ్రాంక్‌కి తెలుసు," ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా ఉంది. "ఇప్పుడు శత్రువులకీ తెలిసే ఉంటుంది. వాళ్ళ విషవాయువు గురించి సాక్ష్యం చెప్పగలవాడు ఆ ముసలాయనొక్కడే. వివియన్ ఆయన్ని వేరే చోటికి మారుస్తుంది. నోరీన్, నువ్వు వీధి కాపలా."

"కోడ్?"

"'పిల్లి మెట్లెక్కింది.' అది వింటేనే తలుపు తీస్తాడు."

న్యూయార్క్ క్వీన్స్‌లోని రిడ్జ్‌వుడ్‌లో, ఇల్మార్స్‌ని దాచిన ఇంటి కింది లాండ్రీ ముందు, మాసిన బట్టల బండి పట్టుకుని నిలబడింది ఏజెంట్ నోరీన్ కాస్టెలానో. తలకి గుడ్డ, కాళ్ళకి అరిగిన చెప్పులు. బట్టల కింద పిస్టల్.

వివియన్ డాయల్ కారు వచ్చి సరిగ్గా మంటలార్పే నీళ్ళ పంపు, ఫైర్ హైడ్రంట్ పక్కనే ఆగింది. ఎర్ర కోటు, ఖరీదైన సెంటు. ఆఫీసులో అందరూ తల తిప్పి చూసే మనిషి. తను ఈ పక్క వీధిలోనే పుట్టి పెరిగానని చెప్పుకునేది.

"అక్కడ పెట్టావేంటే? హైడ్రంట్ దగ్గర ఆపితే లాక్కుపోతారు," గొణిగింది నోరీన్.

వివియన్ కిందికి చూసింది. "ఫుట్‌పాత్ అంచుకి ఎర్ర రంగు లేదుగా! పెట్టుకోవచ్చు." చకచకా లోపలికి వెళ్ళిపోయింది.

నోరీన్ ఆ రంగు లేని అంచు వైపు చూసింది. కొన్ని ఊళ్ళలో బండి ఆపకూడని చోట అంచుకి ఎర్ర రంగు వేస్తారు; న్యూయార్క్‌లో హైడ్రంట్ దగ్గర వెయ్యరు. ఇక్కడ పెరిగినవాళ్ళు రంగు కోసం వెతకరు, హైడ్రంట్ కనపడగానే ముందుకి పోనిస్తారు. ఈమెకి ఏ పరాయి గూఢచారి శిబిరంలోనో వేరే ఊరి రోడ్లు చూపించి నేర్పారు.

ఫ్రాంక్ రెండో కాఫీ పోసింది ఈమెకే.

ఇప్పుడు తను పైకి వెళితే వివియన్ ముసలాయన్ని ఎత్తుకుపోయే బదులు అక్కడే కాల్చేస్తుంది. కారు కదలకుండా చెయ్యాలి. తప్పుగా ఆపిన కార్లని లాక్కెళ్ళే టోయింగ్ ట్రక్కు వీధి మలుపులో తిరుగుతుంటే, ఎదురెళ్ళి కారు వైపు చెయ్యి చూపింది.

"కనపడుతోందిలే తల్లీ, నీ బట్టలు నువ్వు ఉతుక్కో," అన్నాడు డ్రైవర్ ఆర్టీ. కానీ కారుకి గొలుసు బిగించాడు.

వివియన్ ఇల్మార్స్ చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసరికి కారు ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. ఆమె హ్యాండ్‌బ్యాగ్ అంచు ముసలాయన పక్కటెముకలకి ఆనుకుని ఉంది.

"దించు బంగారం, ఇప్పుడే వెళ్ళిపోతాం," నవ్వింది.

"గొలుసు పడ్డాక మా అమ్మొచ్చి అడిగినా దించను మేడమ్. జరిమానా కట్టే యార్డుకొచ్చి ఏడవండి."

నవ్వు మాయమైంది. బ్యాగ్ ఆర్టీ వైపు తిరిగింది, లోపలి పిస్టల్ పేలింది. ఆ తిరిగిన రెప్పపాటులోనే నోరీన్ బండిలోని బట్టల్లోంచి కాల్చింది.

వివియన్ హైడ్రంట్ పక్కనే కూలిపోయింది. "ఎక్కడ తప్పాను?" అంది. జవాబు వినేదాకా బతకలేదు.

ఇల్మార్స్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, దెబ్బేం తగల్లేదు. ఆర్టీ చెవి సగం లేదు.

కబురందుకున్న చీఫ్ పరుగెత్తుకొచ్చాడు. "ఆ కారు ఎవరూ ముట్టుకోవద్దు! అది సాక్ష్యం!"

ఆర్టీ రక్తం కారే చెవికి జేబురుమాలు అదుముకుని ట్రక్కెక్కాడు.

"సాక్ష్యమైతే ఏంటి సార్? ఉన్నది హైడ్రంట్ ముందేగా!"