పత్తిమిల్లు కాడ తెల్లచీర

ఆళ్లగడ్డకు మైలు ముందర మూతబడిన పత్తిమిల్లు ఉందే, దానికి చెడ్డపేరు. చీకటిపడినాక జరమొచ్చిన బిడ్డనెత్తుకొని ఆ దారిన పోతే తెల్లచీర దెయ్యం అడ్డమొస్తాదంట. మూడు ప్రశ్నలు అడుగుతాదంట. అబద్ధం చెప్పినోళ్ల బిడ్డ దక్కదంట... నేను చూసింది కాదు, విన్నదే చెప్తాండా.

డెబ్బై ఎనిమిదిలో, బకెట్లకు అతుకులేసే ఖాదర్ బాషాకు ఆ దారే గతి అయింది. నెలన్నర కూతురికి ఒళ్లు పెనం మాదిరి కాలుతాంది. దర్గాలో తాయెత్తు కట్టించినాడు. ఒక ముసలామెతో కడుపు మీద వాత పెట్టించినాడు. తగ్గలే. పొద్దున్నుంచి పాలు గూడా ముట్టకపోయేసరికి, పెండ్లాం ఖైరున్నీసా బిడ్డనెత్తుకొని ఆళ్లగడ్డ ఆసుపత్రికి బయలుదేరింది. వెనక ఈయప్ప... దెయ్యానికి చప్పుడు వినపడగూడదని చెప్పులు చేతిలో పట్టుకొని.

మిల్లు గోడ దగ్గరికొచ్చేసరికి...

గోడ చాటునుంచి తెల్లచీర లేచింది.

"బిడ్డకెన్ని నెలలు?" గుసగుసగా అడిగింది.

ఖాదర్ బాషాకు కల్మా గూడా గుర్తుకు రాలే. "నెల... నెలన్నరమ్మా."

"జరమెన్ని దినాలు?"

"మూడు..."

"ఏం వైద్యం చేసినారు?"

"వాత పెట్టించినాం తల్లీ. నన్ను తినొద్దు."

దెయ్యం బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి సబ్బు వాసనేస్తాంది. దెయ్యాలకు సబ్బేందని అడిగే ధైర్యం యాడిది?

"నూరుమంది బిడ్డలకు జరమొస్తే తొంభైమందికి దానంతటదే పోతాది," అనింది. "మిగిలిన పదిమంది ఎవరో... నెలన్నర బిడ్డ మొగం చూసి దెయ్యానికి గూడా తెలీదు. అందుకే ఆగగూడదు. పోండి."

ఇద్దరూ పరుగో పరుగు.

ఆసుపత్రిలో డాక్టరు దేవసహాయం కాగితం ముందరేసుకొన్నాడు. "జరం ఎన్నాళ్లనుంచి?"

ఆ బల్ల, ఆ తెల్లకోటు చూసేసరికి, యాడ తిట్లు పడతాయోనని ఖాదర్ బాషా మాట మార్చినాడు. "ఈ సాయంత్రమే సార్."

"కడుపు మీద ఈ మచ్చేంది?"

"దీపం తగిలింది సార్."

"మూడు దినాలని చెప్పినావు గదప్పా నాకు..."

వెనక్కి తిరిగితే — తెల్లచీర. వాకిట్లో సైకిలు ఆనించి, రొప్పుతా నిలబడుండాది... ఆ ఆసుపత్రి నర్సు దెబోరా.

"ఏం చేయమంటారు సార్," అనింది డాక్టరుతో. "ఇదే చీరతో ఈడ అడిగితే అబద్ధం చెప్తారు. మిల్లు కాడ అడిగితే నిజం చెప్తారు."

డాక్టరు రాసింది కొట్టేసి, మూడు అని రాసుకొన్నాడు. ఖైరున్నీసా మొగుని మొగం చూసింది. తర్వాత బిడ్డను చూసి ఏడ్చేసింది.

"మూడు గాదు సార్, అయిదు. దెయ్యానికి గూడా ఈయప్ప రెండు దినాలు తగ్గించే చెప్పినాడు."

డాక్టరు కలం పడేసి జీపు తీయమన్నాడు. తెల్లారేలోగా నంద్యాల పెద్దాసుపత్రిలో బిడ్డకు సెలైన్ ఎక్కింది. నాలుగో దినానికి పాలు తాగింది. ఖాదర్ బాషాతో మాత్రం ఖైరున్నీసా నెల దినాలు మాట్లాడలేదు.