నలభై ఒక్క నీడలు

నాలుగో సర్వరు జవాబివ్వడానికి రెండున్నర సెకన్లు పట్టింది. నూకరత్నం ఆ అంకెను పలక మీద రాసుకుని మరోసారి అడిగింది. ఈసారి ఇంకొంచెం ఎక్కువ.

మూడు దాటకూడదు. పైన జలాశయం తలుపులు నిమిషానికోసారి ఈ సర్వరులోని జనపట్టీని అడిగి, ఏ దిక్కున మనుషులున్నారో తెలుసుకుంటాయి. మూడు సెకన్లలో జవాబు రాకపోతే, కట్ట తెగకుండా అవే కింది నగరం వైపుతో సహా అన్ని దిక్కులకీ తెరుచుకుంటాయి. తుఫాను ఉదయమే తీరం దాటింది. నాలుగింటికి నీరు అంచుకు చేరుతుందని లెక్క. ఇప్పుడు మూడుంపావు.

సర్వర్లుంచడానికి కొండను తొలిచి కట్టిన ఆ నిలవశాలలో ఆమె ఒక్కతే ఉంది. మనుషులు లేనప్పుడు నిప్పు పుట్టకుండా అక్కడి గాలి పలచబడుతుంది. లోపలికొచ్చిన మనిషి చేయి జనపట్టీలోని పేరుతో సరిపోలితేనే తలుపు తెరుచుకుంటుంది, గాలి మళ్ళీ చిక్కబడుతుంది.

చేయవలసినవి వరసగా చేసింది. ఒక్క యంత్రాన్ని పన్నెండు సర్వర్లు పంచుకుంటాయి. పక్కవాటిలో ఏదైనా డిస్కును గుంజుకుంటోందేమోనని మిగతా పదకొండింటినీ వేరే యంత్రానికి తరలించింది. తగ్గలేదు. వైరస్ కాపలాను ఆపింది. తగ్గలేదు. డిస్కును నేరుగా అడిగితే మాత్రం రెప్పపాటులో జవాబిచ్చింది. అంటే డిస్కు మంచిదే. దానికీ సర్వరుకీ మధ్య ఏదో అడ్డుంది.

నీడల పట్టిక తెరిచింది. ఏ మార్పు చేసేముందైనా సర్వరు రూపాన్ని ఉన్నదున్నట్టు పట్టి ఉంచడం ఇక్కడి పద్ధతి. దాన్నే నీడ అంటారు. మార్పు కుదిరాక అదే రోజు కలిపేయాలి. ఒక్క నీడ ఉండాలి, లేదా అదీ ఉండకూడదు.

నలభై ఒకటి ఉన్నాయి. రోజుకొకటి, ఒకదాని మీద ఒకటి. ఒక్క పేరు వెదకాలన్నా సర్వరు పై నీడ నుంచి అడుగు దాకా అన్నీ తడుముకుంటూ దిగుతోంది.

గోడ ఫోను మోగింది. కేంద్రంలో డ్యూటీ అధికారి వసుంధర.

“దొరికిందా?”

“దొరికింది మేడం. పాత నీడలు. కలపకుండా వదిలేశారు.”

“ఎవరా మహానుభావుడు? సరే, తర్వాత చూద్దాం. అన్నీ కలిపెయ్. ఎంతసేపు?”

“పది నిమిషాలు.”

“ఐదులో కానియ్. ఇక్కడ నా ప్రాణం పోతోంది.”

ఆజ్ఞ రాసింది గాని మీట నొక్కబోయి ఆగింది. నీడలన్నిటి మీదా ఒకే పేరు: తాతారావు. మూడు వారాల కిందట, మోకాళ్ళు అరిగి పని మానేస్తూ ఆమెకు పని నేర్పి వెళ్ళినవాడు. ఒక్క మర కూడా వదులుగా వదలని మనిషి. మరిచిపోయాడంటే నమ్మబుద్ధి కాలేదు. కొండ కింద క్వార్టర్స్‌కి ఫోను చేసింది.

“బాబాయ్, ఈ నీడలేంటి?”

“కలిపేసినావేటి?”

“ఇంకా లేదు.”

“కలపకమ్మా. నీ కాళ్ళట్టుకుంతాను. అడుగు నీడ తెరిచి, కొత్తదాని పక్కనెట్టి సూడు.”

చూసింది. తిప్పలపాలెం. అరవై ఒక్క ఇళ్ళు, మూడు వందల పన్నెండు మంది. అడుగు నీడలో ఉన్నారు. దాని పైదానిలో లేరు. ఆ చోట ‘ఖాళీ’ అని ఉంది. దక్షిణపు తలుపు తెరిస్తే నీరు పోయేది అటే.

“పాలెం ఖాళీ చేయించారా?”

“ఎవడు సేయించినాడు? మా అప్ప ఆడే ఉంది. పొద్దున్న ఫోన్లో నన్ను తిట్టింది కూడాను. ఇంటింటికీ కుళాయిలేసినారు గానీ నీళ్ళెక్కేది సివరి కుళాయి ఒక్కదానికే. ఊరంతా ఆడే పట్టుకుంతారు. పట్టీని దిద్దే యంత్రం, ఆ సవరణి, యేకువన మీటర్లు సూసింది. అరవై ఇళ్ళు సున్నా. మనుసుల్లేరని కొట్టేసింది. ఆ ఒక్క కుళాయినీ లీకనేసింది.”

“ఎవరికీ చెప్పలేదా?”

“అర్జీ ఎట్టినాను. జనం లేని సోటు తరపున అర్జీ తీసుకోం, పొమ్మన్నారు. పట్టీలో రాసే అదికారం సవరణికే గానీ నాకెక్కడిది? ఆల పేర్లున్న రోజునైనా దాసుకుందామనుకున్నాను. ఒంటి నీడైతే రేతిరికి సర్వరే కలిపేసుకుంతాది. మీద ఇంకోటి ఏస్తేనే అడుగుది నిలుస్తాది. నాను లేకపోయినా రోజుకోటి పడేలా ఎట్టేసినాను.”

“ఇప్పుడు వాళ్ళని బయటికి...”

“దారి ములిగిపోనాది.”

మూడూ ముప్పై ఐదు. సర్వరును మళ్ళీ అడిగింది. రెండు పాయింటు ఎనిమిది సెకన్లు. ఇలాగే వదిలేస్తే నగరమూ పాలెమూ రెండూ పోతాయి. కలిపితే పాలెం పోతుంది. అడుగు నీడకు వెనక్కి తిప్పితే సర్వరు తేలికపడుతుంది, ఆ పేర్లూ తిరిగొస్తాయి. కానీ దాని పైనున్న నలభై ఒక్క రోజుల మార్పులూ రాలిపోతాయి. ఆమె పేరు ఈ పట్టీకెక్కి మూడు వారాలే అయింది.

తాతారావుకూ అర్థమైనట్టుంది. “వద్దమ్మా. అందులో నువ్వుండవు. తలుపు రాదు. గాలి...”

“నువ్వుంటావు కదా బాబాయ్. అప్పటికి ఈ కుర్చీ నీదే. తలుపు నీ చేతికొస్తుంది.”

“నా మోకాళ్ళు సూసి మాటాడు! నూటెనబై మెట్లు!”

“అయితే మాటలాపి బయల్దేరు.”

ఫోను పెట్టేసింది. గోడ ఫోను మళ్ళీ మోగుతోంది. ఎత్తలేదు. ఎత్తితే మేడం చెప్పినట్టే చేసేస్తానని తెలుసు. వెనక్కి తిప్పే మీట నొక్కింది.

తెర నల్లబడి వెలిగింది. జవాబుకు రెప్పపాటు చాలింది. దక్షిణం: జనం మూడు వందల పన్నెండు. మూసి ఉంచు. ఉత్తరం: ఉప్పుమడులు, జనం లేరు. తెరువు.

గోడ ఫోను మధ్యలోనే ఆగిపోయింది.

“గదిలో ఎవరూ లేరు,” అంది నిలవశాల, మెత్తగా. దీపాలు ఆరాయి.

“ఉన్నాను!”

పట్టీలో లేని గొంతును అది వినదు. పంకాల చప్పుడు మారింది, అవి గాలిని బయటికి లాగేస్తున్నాయి. తలుపు దాకా పరుగెత్తి చేయి ఆనించింది. ఉలుకూ పలుకూ లేదు. పరుగుకే రొప్పు వచ్చింది. ఆ రొప్పు తగ్గలేదు. నూటెనభై మెట్లు. ఆ మోకాళ్ళు.

మూల చేతులు కడుక్కునే తొట్టె ఉంది. దానికో కుళాయి. కుళాయికో మీటరు. చీకట్లో గోడ పట్టుకుని వెళ్ళి తిప్పింది. నీళ్ళు పడ్డాయి. తెర మీద ఒక వరస వెలిగింది: ‘నీటి వాడకం. జనం సున్నా. లీకు.’

గాలి చాలక తొట్టె మీద వాలిపోయింది. లీకంటే కారుతూనే ఉంటుంది. బిందె పట్టుకునే మనిషి నిండగానే కట్టేస్తుంది, మరో బిందె పెట్టి తిప్పుతుంది. నూకరత్నం కుళాయి కట్టింది. నాలుగు లెక్కపెట్టి తిప్పింది. కట్టింది. తిప్పింది.

పంకాలు తడబడ్డాయి. తెర మీది ‘లీకు’ చెరిగి, ఆ చోట ఆమె ఎన్నడూ చూడని మాటలు వచ్చాయి: ‘మనిషి ఉన్నట్టుంది. పేరు లేదు. ఏం చేయాలి?’

పంకాలు నిలిచిపోయాయి. కళ్ళు మసకబారుతున్నా ఆమె కుళాయిని వదల్లేదు. కట్టడం, తిప్పడం. తలుపు అవతల, ఎక్కడో కింద, ఎవరో మెట్టు మెట్టుకీ తన మోకాళ్ళను బండబూతులు తిట్టుకుంటూ ఎక్కివస్తున్నారు.