ఎర్ర బండి పేరు మార్పిడి

నూట పది.

ముల్లు వణుకుతోంది. స్టీరింగ్ వణుకుతోంది.

అద్దంలో తెల్ల కారు!

కోదాడ దాటి పది నిమిషాలు కాలేదు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ. హైవే మీద తారు మెరుస్తోంది. ముందు వరిగడ్డి ట్రాక్టరు. ఎదురుగా విజయవాడ వెళ్లే లారీ.

రెండింటి మధ్య సందు కారంత కూడా లేదు.

దూరాడు!

లారీ హారన్ చెవి పక్కనే పేలింది. గడ్డి పరకలు అద్దం నిండా పడ్డాయి. వైపర్లు వేశాడు. ఒకటే కదిలింది. పదిహేడేళ్ల బండి మరి.

ఎర్ర సెలికా. రెండు తలుపుల జపాన్ కారు. డెబ్బై ఆరు మోడల్. వెనక వస్తున్నదీ సెలికానే... కానీ తొంభై ఒకటి మోడల్. వారం కిందటే మద్రాసు నుంచి వచ్చింది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు.

రెండూ ఓంప్రకాష్ సేటువే. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉన్న సేటు. రాందాస్ తొమ్మిదేళ్లుగా ఆయన డ్రైవర్.

కాదు... ఎర్రది ఇప్పుడు సేటుది కాదు.

రాందాస్ చొక్కా జేబులో ఉన్న కాగితం ప్రకారం అది రాందాస్‌ది!

ఈ పరుగంతా ఆ కాగితం కోసమే. సూర్యాపేట కోర్టులో తెలిసిన వకీలు ఉన్నాడు. ఆయన చేతిలో పడేదాకా ఆగకూడదు.

కొత్త బండి దిగిన రోజే సేటు పాతదాని తాళాలు అతని చేతిలో పెట్టాడు. నమ్మకంగా పనిచేసినందుకు ఉంచుకోమన్నాడు. రాందాస్ కాళ్లకు మొక్కాడు. దామరచర్ల దగ్గరి తన తండాకు అదే బండిలో వెళ్లాడు. భార్య సీతను ముందు సీట్లో కూర్చోబెట్టి మూడు రౌండ్లు తిప్పాడు.

ఇవాళ కోదాడలో, బండ్ల కాగితాలు చూసే బ్రోకరు కాటయ్య మేడ మీది తన గదికి పిలిచి, పేరు మార్పిడి కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. రాందాస్ ఏడో తరగతి దాకా చదివాడని కాటయ్యకు తెలియదు.

తేదీ దగ్గర చూపు ఆగింది.

జనవరి రెండు.

ఇవాళ మార్చి నాలుగు. అంటే రెండు నెలల కిందటే బండి తన పేరు మీదికి మారినట్టు!

ఆ రెండు తేదీల మధ్యలో ఫిబ్రవరి పదకొండు ఉంది.

మంగ్లీ చచ్చిన రోజు.

ఆ రోజు బండి ఎవరిది? రాందాస్‌ది. గుద్దింది ఎవరు? రాందాస్!

సంతకం చేయలేదు. ఆ దొంగ తేదీయే సాక్ష్యం అనుకుని కాగితం లాక్కుని మెట్లు దూకాడు. పక్క హోటల్లో భోంచేస్తున్న సేటు కోసం కాటయ్య అరుస్తూనే ఉన్నాడు. రాందాస్ బండి తీశాడు. రెండు నిమిషాలకే అద్దంలో తెల్ల కారు కనిపించింది.

ఇంకా వస్తోంది...

ఫిబ్రవరి పదకొండు సాయంత్రం సేటు ఎర్ర బండిని తనే నడుపుకుంటూ ఇంటికి వచ్చాడు. పక్క సీట్లోంచి దిగిన ఆయన భార్య స్వరాజ్యలక్ష్మి ఎవరివైపూ చూడకుండా లోపలికి పోయింది. నేరేడుచర్ల రోడ్డు మీద పంది అడ్డం వచ్చిందన్నాడు సేటు. కడిగేయమన్నాడు.

ఎడమ ఇండికేటర్ పగిలి ఉంది. ముందు జాలీలో ఏదో చిక్కుకుంది. రాందాస్ వేలితో లాగాడు.

వెంట్రుకలు. పొడవైనవి.

వాటితోపాటు ఒక గుడ్డ పీలిక. దానికి కుట్టిన చిన్న అద్దం.

పందికి అద్దాల లంగా ఉండదు!

అప్పుడే తెలిసింది. అయినా కడిగాడు. సబ్బు పెట్టి, బ్రష్ పెట్టి రుద్దాడు. ఎర్ర రంగు మీద నెత్తురు కనిపించలేదు. కాళ్ల కింద పారే నీళ్లలో మాత్రం కనిపించింది. గుడ్డ పీలికను మోరీలో పడేశాడు. ఇండికేటర్‌కు అంబాసిడర్ అద్దం బిగించాడు. తర్వాత మిల్లులో కూర్చుని అన్నం తిన్నాడు. పెరుగు కూడా వేసుకున్నాడు.

మంగ్లీ కలుపు కూలికి వెళ్లి తిరిగొస్తున్న మనిషి. తెల్లారేదాకా రోడ్డు పక్కనే పడి ఉందట.

వారం తర్వాత ఆమె మొగుడు బిచ్చా మిల్లు దగ్గరికి వచ్చాడు. చేతిలో నారింజ రంగు ప్లాస్టిక్ ముక్క. ఆమె పక్కన దొరికిందట. ఏ బండిదో చెప్పమని కనిపించిన డ్రైవర్‌నల్లా, మెకానిక్‌నల్లా అడుగుతున్నాడు. రాందాస్‌నూ అడిగాడు.

"లారీది కాకా," అన్నాడు రాందాస్. "గిట్లాంటివి మస్తుంటయ్."

ఆ మాట అన్న నాలుక ఇంకా తన నోట్లోనే ఉంది. కిటికీలోంచి తుపుక్కున ఉమ్మాడు. చేదు పోలేదు.

మునగాల!

బస్సు ఆగి ఉంది. జనం దిగుతున్నారు. రాందాస్ మట్టిలోకి దించి, బస్సును రాసుకుంటూ మళ్లీ రోడ్డెక్కాడు.

అద్దంలో చూశాడు. తెల్ల కారు బానెట్ మీద పట్టపగలు హెడ్‌లైట్లు పైకి లేచాయి. వెలిగాయి. ఆరాయి. మళ్లీ వెలిగాయి.

ఆగమంటున్నాడు!

ఇంజిన్ వేడి ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. సూర్యాపేట దాకా ఈ బండి రాదు.

సాగర్ ఎడమ కాలువ వంతెన...

స్టీరింగ్ పూర్తిగా తిప్పేశాడు! ఎర్ర బండి కాలువ కట్ట మీది మట్టి దారిలోకి దూకింది. తెల్లది నేలకు జానెడెత్తు. పొట్ట తగిలి ఆగుతుంది.

ఆగలేదు.

రాళ్లకు గీసుకుంటూ, దుమ్ము రేపుకుంటూ వస్తోంది. గేర్లు కరకరమంటున్నాయి. సేటు అట్లా నడపడు. కొత్త బండికి గీత పడితే నౌకర్ల చెంప పగలగొట్టే మనిషి...

ముందు తూము. గోడ. దారి లేదు!

బ్రేక్.

సీటు కింది పానా తీసుకుని దిగాడు. తెల్ల కారు పది గజాల దూరంలో ఆగింది. పొడవాటి తలుపు తెరుచుకుంది.

దిగింది సేటు కాదు.

స్వరాజ్యలక్ష్మి!

కాళ్లకు చెప్పులు లేవు. ముఖమంతా చెమట. పెళ్లికి ముందు పుట్టింట్లో జీపు నడిపిందని రాందాస్ విన్నాడు గానీ ఎప్పుడూ చూడలేదు. కొత్త బండి ఆమె పేరు మీద కొన్నారు. సంతకాల కోసం సేటు ఆమెను కోదాడ తెచ్చాడు.

ఆమె ముందు సీటు మడిచింది. వెనక ఇరుకులోంచి ఇంకో మనిషి వంగి వంగి బయటికి వచ్చాడు.

బిచ్చా!

రాందాస్ చేతిలోంచి పానా జారింది.

ఆమె గబగబా చెప్పింది. కోదాడలో తాను తెల్ల బండిలో కూర్చుని ఉండగా, ఊరూరా మెకానిక్‌లను అడుగుతూ అక్కడికి చేరిన బిచ్చా ఎర్ర బండి ముందు చతికిలబడి, తన ముక్కను కుడివైపు ఇండికేటర్‌కు ఆనించి చూస్తున్నాడట. గీతకు గీత కలిసిందట. అంతలో రాందాస్ పరుగున వచ్చి, ముందు ఎవరున్నారో చూడకుండా బండి వెనక్కి తీసి లాగించాడట. పైనుంచి కాటయ్య కేకలు. కాగితం సంగతి ఆమెకు అర్థమైంది. బిచ్చాను ఎక్కించుకుని వెంటపడింది.

బిచ్చా దగ్గరికి వచ్చాడు. కొట్టలేదు. తిట్టలేదు.

"లారీది అన్నవ్ గద తమ్మీ."

రాందాస్ అన్నీ చెప్పేశాడు. పొడవాటి వెంట్రుకలు. సబ్బు నీళ్లు. మోరీలో పడేసిన పీలిక. తిన్న అన్నం. చెబుతూ చెబుతూ కట్ట అంచుకు పరిగెత్తి కక్కుకున్నాడు. కడుపులో ఏమీ లేకున్నా వాంతి ఆగలేదు.

బిచ్చా ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, మా దాని పాణం అప్పుడే పోయిందా?"

ఆమె తెల్ల బండి తలుపు పట్టుకుంది.

"లేదు. కండ్లు తెరిసి సూసింది. నీళ్లడిగింది," అంది. "దవాఖానకు తీస్కపోదామన్న. సీట్లు ఖరాబైతయన్నడు. నేను... కిటికీ అద్దం ఎక్కిచ్చుకున్న."

కాలువ నిండుగా పారుతోంది.

జీపు చప్పుడు!

ఎర్రదీ తెల్లదీ... ఆ రెండు బండ్లు ఎటు పోయాయో రోడ్డు మీద ఎవరిని అడిగినా చెబుతారు. హోటలాయన జీపు అడిగి తీసుకుని సేటు ఒక్కడే వచ్చాడు. సగం భోజనంలో లేచాడేమో, చేతికి పప్పు ఎండిపోయి ఉంది. ఆ చేతిలోనే, ఎప్పుడూ నడుముకు ఉండే రివాల్వర్!

దిగగానే వంగి చూసింది భార్యను కాదు. తెల్ల బండి పొట్ట కింద పడ్డ గీతల్ని.

ఈ మనిషి కాళ్లకా తాను మొక్కింది?

సేటు కాగితం ఇమ్మన్నాడు. రాందాస్ కదల్లేదు. సేటు బిచ్చా వైపు తిరిగి, బేరం మాట్లాడే గొంతుతో అన్నాడు:

"ఆ తెల్ల బండి తీస్కో పో. అమ్ముకుంటే నీ తండా మొత్తం బతుకుతది."

బిచ్చా ఆ బండి వైపు చూడను కూడా చూడలేదు.

ఆ రోజు బండి నడిపింది ఎవరో కోర్టులో చెబుతానంది స్వరాజ్యలక్ష్మి. సేటు నవ్వాడు.

"చెప్పు. కోదాడ నుంచి గీడిదాంక నడిపిందెవరు? ఊరంత సూసింది. ఆ రోజు గూడ నువ్వే నడిపినవ్, నేను పక్కన కూసున్న. డ్రైవరు కాకుంటే నువ్వు."



సేటు రివాల్వర్‌ను రాందాస్ మెడకు ఆనించి, రెండో చెయ్యి జేబులోకి దూర్చాడు. కాగితం అంచు దొరికింది...

బిచ్చా దూకాడు!

బస్తాలు మోసిన చేతులు. సేటు మణికట్టు పట్టి మెలిపెట్టాడు. రివాల్వర్ ఎగిరి మట్టిలో పడింది. స్వరాజ్యలక్ష్మి కాళ్ల దగ్గర!

ఆమె వంగి తీసింది.

సేటు చెయ్యి విదిలించుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. ఇంట్లో కళ్లజోడు అడిగినట్టు అరచెయ్యి చాచి ఆమె వైపు నడిచాడు.

"ఇటియ్యి."

ఇరవై ఐదేళ్లుగా అడిగిందల్లా ఇచ్చిన మనిషి...

ఢాం!

కాలువ మీది కొంగలన్నీ ఒక్కసారి లేచాయి.

సేటు మోకాలు పట్టుకుని కూలిపోయాడు. వేళ్ల మధ్య నుంచి నెత్తురు. అరుస్తున్నాడు. తన చేతిలో ఉన్నదేమిటో తెలియనట్టు ఆమె దాని వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా జీపు సీటు మీద పెట్టింది.



"బతికే ఉన్నడు," అంది ఆమె. "తెల్ల బండిల పండబెట్టుర్రి. సూర్యాపేట దవాఖానకు తీస్కపోదాం. గాడ అన్నీ నేనే చెప్త."

రాందాస్ కదల్లేదు.

ముందుగా వంగి సేటు భుజాలు పట్టుకుంది బిచ్చానే.