నిదానపు గుండె

ఆత్మకూరు బజారులో మల్లికార్జునం టోకు కొట్టు ఇంకా తెరవనే లేదు, ఆయనకు మనవడు పుట్టబోతున్నాడన్న వార్త మాత్రం వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. వార్తకు మూలం ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ. ముందురోజు నెల్లూరులో కోడలు శ్రీదివ్యకు ఆరో నెల స్కానింగ్ జరుగుతుంటే, గది బయట కూర్చున్న ఆమె చెవిన నర్సు మాట పడింది, బిడ్డ గుండె నిదానంగా కొట్టుకుంటోందని. గబగబా కొట్టుకుంటే ఆడపిల్ల, నిదానంగా కొట్టుకుంటే మగపిల్లాడు. ఇది ఆమె అత్తగారు నేర్పిన లెక్క. ఆ లెక్కను కాదని పుట్టినవాళ్ళు వీధిలో ఎందరున్నా ఆమె నమ్మకం చెక్కుచెదరలేదు. కొడుకూ కోడలూ దారిపొడవునా మాట్లాడకుండా వచ్చారంటే, దిష్టి తగులుతుందని జాగ్రత్త పడుతున్నారనుకుంది.

పొద్దున్నే సున్నుండలు చుడుతుంటే పక్కింటి చెంచమ్మ వచ్చి పీట వాల్చుకుంది.

“ఏంది ఆదిలక్ష్మమ్మా, మనవడంట గదా. పేరు గూడా అనుకున్నారా?”

“పెంచలయ్య సామి పేరే పెట్టాల. వాళ్ళ నాయన పెంచల ప్రసాదుకీ అదే పేరు గదా, పిలిస్తే ఇద్దరూ పలకరేమోనని అదొక్కటే భయం.”

“ఆపండత్తా.”

గుమ్మంలో శ్రీదివ్య నిలబడి ఉంది. చేతిలో సర్దిన బ్యాగు. వెనకే ప్రసాద్, రాత్రంతా నిద్రపోని ముఖంతో.

“మగబిడ్డని కాదు అట్టా కొట్టుకునేది. జబ్బు. కొట్టుకోమని గుండె పైభాగం నుంచి రావాల్సిన కబురు కిందికి దిగడం లేదంట.”

ఆదిలక్ష్మమ్మ చేతిలోని ఉండ చితికిపోయింది. ఆలోచన కంటే ముందు నోరు కదిలింది. “మా ఇంట్లో ఎవరికీ ఇట్టాంటివి లేవే.”

“మీ ఇంట్లో లేదులెండి. నా రక్తంలోంచే పోయిందంట. నాకే తెలియకుండా నా ఒంట్లో ఉండేదేదో బిడ్డకి చేరి గుండెని దెబ్బతీసింది.” శ్రీదివ్య బ్యాగు భుజానికి తగిలించుకుంది. “నేను ఉదయగిరికి మా అమ్మ దగ్గరికి పోతా ఉండాను. మీరు మీ అబ్బాయికి వేరే పెళ్ళి చేసుకుంటే చేసుకోండి. ఈ బిడ్డని మాత్రం నేను వదులుకోను.”

“నేను చేసుకుంటానని నీకెవరు చెప్పినారు?” అన్నాడు ప్రసాద్. “ఉదయగిరికి రేపు పోదాము. ఈ రోజు పిల్లల గుండె డాక్టరమ్మకి చూపించాల గదా.”

చెంచమ్మ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి అప్పుడే గుర్తొచ్చిందంటూ లేచి వెళ్ళింది. వార్తకు రెండో భాగం దొరికింది మరి.

మల్లికార్జునం కొట్టు తాళాలు జేబులో వేసుకుంటూ భార్య వైపు చూశాడు. “కొట్టుకి షట్టర్ పెట్టిచ్చినాను గానీ, నీ నోటికి పెట్టియ్యలేకపోతిని.”

ఆదిలక్ష్మమ్మ చేతికంటిన పిండి కడుక్కుంది. ఎవరూ పిలవకపోయినా వెళ్ళి కారులో కూర్చుంది. దిగమనే ఓపిక ఎవరికీ లేకపోయింది.

నెల్లూరులో డాక్టర్ అనురాధ స్కాన్ చేస్తున్నంతసేపూ ఓర్చుకుని, చివరికి ఆదిలక్ష్మమ్మే అడిగేసింది. “అమ్మా, ఇంత నిదానంగా కొట్టుకునేది ఆగిపోతుందా?”

“కడుపులో గుండె మొదట సన్నటి గొట్టంలా ఉంటుందమ్మా. అప్పుడు దాంట్లో కణాలకి తమంతట తామే కొట్టుకునే గుణం ఉంటుంది. పెరిగేకొద్దీ చాలా కణాలు ఆ గుణం వదిలేసి బరువు పనిలో పడతాయి. కొన్ని మాత్రం వదలవు. వాటిల్లో పైనుండే చిన్న గుంపు అన్నిటికంటే వేగంగా కొడుతుంది, తక్కినవి దాని వెంట నడుస్తాయి.”

“పెత్తనం దానిదన్నమాట.”

“అవును. ఈ బిడ్డకి ఆ గుంపు బాగానే ఉంది. కబురు కిందికి మోసే దారే దెబ్బతింది. కానీ కింద కూడా ఆ గుణం వదలని కణాలు కొన్ని ఉన్నాయి. పైనుంచి కబురు రాకపోయేసరికి అవే తమ నిదానంలో గుండెని నడిపిస్తున్నాయి.”

“ఎవరూ చెప్పకుండానే?”

“ఎవరూ చెప్పకుండానే. గుండె చుట్టూ నీరు చేరలేదు, బిడ్డ ఎదుగుతోంది. వారం వారం చూస్తాం. కాన్పు చెన్నైలో, పసిపిల్లల గుండె డాక్టర్లు ఉన్నచోట పెట్టుకోండి. పుట్టాక గుండెని సరిగ్గా కొట్టించే చిన్న యంత్రం, పేస్‌మేకర్, పెట్టాల్సి రావచ్చు. హామీ ఇవ్వలేను గానీ, ఆశ వదలాల్సిన పని లేదు.”

తను కేక వేయకపోతే ఇంట్లో పాలు కూడా పొంగవని ఇన్నేళ్ళూ నమ్మిన ఆదిలక్ష్మమ్మ ఆ స్కాన్ తెర వైపే చూస్తూ ఉండిపోయింది.

“నా వల్లే గదత్తా?” బల్ల మీద పడుకున్న శ్రీదివ్య మెల్లగా అంది.

“నీ ఒళ్ళు తనకి తెలియకుండా చేసింది. నా నోరు తెలిసే చేసింది. ఏది తప్పో నువ్వే చెప్పు.” ఆదిలక్ష్మమ్మ కోడలి కళ్ళు కొంగుతో తుడిచింది. “ఉదయగిరికి పోతే పో. నేనూ వస్తా. నన్ను భరించే ఓపిక మీ అమ్మకి ఉండాదో లేదో కనుక్కో.”

శ్రీదివ్య ఏడుస్తూనే నవ్వింది. ప్రసాద్ గోడ వైపు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాడు.

“కదలకమ్మా,” అంటూ డాక్టరు బిడ్డ గుండె శబ్దం పెంచింది.

ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఒక భయం పట్టేంత చోటు ఉంది. ఆదిలక్ష్మమ్మ కోడలి చేయి పట్టుకుని, తరువాతి దెబ్బ కోసం ఎదురుచూసింది. వచ్చింది. మళ్ళీ ఎదురుచూసింది. మళ్ళీ వచ్చింది. కాసేపటికి ఎదురుచూడటం మానేసి, వినడం మొదలుపెట్టింది.